ఇంజన్ కొడుతుంటే ముందే హెడ్డు దించకండి

సంపాదకులకు నమస్కారం.

పాత స్పోర్ట్స్ కారు ఇంజన్ కొడుతోందని షెడ్డుకి తీసుకెళ్తే మన గోదావరి జిల్లాల్లో సాధారణంగా రెండు మాటలే వినిపిస్తాయి. "పెట్రోలు బాగోలేదండి, వేరే బంకులో కొట్టించండి" అనేది మొదటిది. "బేరింగులు పోయాయండి, హెడ్డు దించి బోరు చేయించాలి" అనేది రెండోది (హెడ్డు అంటే సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం, బోరు చేయడమంటే సిలిండరు లోపలి గోడను తొలిచి సరిచేయడం). మొదటిదానితో కొన్నాళ్లు గడుస్తాయి, రెండోదానితో చేతిలో డబ్బు పోతుంది. రెండూ అయ్యాక కూడా ఆ శబ్దం అలాగే ఉండిపోతున్న కార్లు చాలా ఉన్నాయి. ఆ శబ్దం ఏమిటో, ఏ సిలిండరుదో, ఎప్పుడు వస్తోందో తేల్చకుండానే పని మొదలుపెట్టడం దీనికి కారణం. ఈ ఉత్తరం కొంచెం పెద్దదైనా దయచేసి ప్రచురించండి. కాకినాడ, రాజమండ్రి, భీమవరం, అమలాపురం, పాలకొల్లు వైపు హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, మిత్సుబిషి లాన్సర్, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, ఇసుజు ఇంజన్ కాంటెస్సా, గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ లాంటి కార్లను ముచ్చటగా కాపాడుకుంటున్నవాళ్లకీ, వాటి మీద పని చేసే కుర్రాళ్లకీ ఇది పనికొస్తుంది.

ముందు శబ్దం సంగతి. మనం నాకింగ్ అనేసే శబ్దాలు నిజానికి ఐదారు రకాలు. అసలైన స్పార్క్ నాక్ రేకు చేటలో మినుములు చెరిగినట్టు పలచగా గలగలమంటుంది. పెద్ద గేరులో తక్కువ వేగం మీద యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు వస్తుంది, కాలు తీయగానే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో రేజ్ చేస్తే దాదాపు వినపడదు. బిగ్ ఎండ్ బేరింగు, అంటే పిస్టన్ రాడ్డు కింది చివర క్రాంకును పట్టుకునే బేరింగు, దాని శబ్దం అలా ఉండదు. చెక్క సుత్తితో కొట్టినట్టు మొద్దుగా టక్ టక్ మంటుంది. న్యూట్రల్‌లో కూడా నిమిషానికి 2000-3000 తిరుగుళ్ల మధ్య, ముఖ్యంగా రేజ్ చేసి వదిలే క్షణంలో బయటపడుతుంది. ఆయిలు వేడెక్కి పలచబడ్డాక పెరుగుతుంది. మెయిన్ బేరింగు దెబ్బ ఇంకా లోతుగా, బరువు లాగేటప్పుడు వినిపిస్తుంది. పిస్టన్ సిలిండరు గోడకు కొట్టుకునే శబ్దం, పిస్టన్ స్లాప్, పొద్దున్నే చల్లని ఇంజన్‌లో ఉండి, వేడెక్కేకొద్దీ తగ్గిపోతుంది. పిస్టన్ పిన్ను వదులైతే ఐడిల్‌లో జంటగా రెండు చిన్న దెబ్బలు వినిపిస్తాయి. ట్యాపెట్ శబ్దం పైనుంచి, సన్నగా, క్రాంకు రెండు తిరుగుళ్లకు ఒక్కసారి వస్తుంది.

ఇవి కాక ఇంజన్ లోపలి భాగాలతో సంబంధమే లేని దొంగ శబ్దాలు కొన్ని ఉన్నాయి. ఎగ్జాస్టు మానిఫోల్డు గాస్కెట్ లీకు, వదులైన హీట్ షీల్డు రేకు, ఫ్లైవీలు బోల్టులు, క్రాంకు పుల్లీ, టైమింగ్ బెల్టు టెన్షనరు, ఏసీ కంప్రెసరు. వీటిలో ఫ్లైవీలు, క్రాంకు పుల్లీ వదులైతే వచ్చే శబ్దం అచ్చం బిగ్ ఎండ్‌లాగే ఉంటుంది. మంచి ఇంజన్లు ఈ రెండింటి వల్లే అనవసరంగా బల్ల ఎక్కుతున్నాయి. ఫ్యాన్ బెల్టు, ఏసీ బెల్టు విప్పి చల్లని ఇంజన్‌ను నిమిషం లోపు నడిపి వినండి. శబ్దం పోతే తప్పు బెల్టు తిప్పే భాగాల్లో ఉన్నట్టు. మానిఫోల్డు లీకు అనుమానముంటే చల్లగా ఉండగానే అతుకు దగ్గర సబ్బు నీళ్లు చల్లండి, బుడగ చెబుతుంది.

బేరింగుదో కాదో తేల్చడానికి సిలిండరు కట్ చేసే పరీక్ష మన మెకానిక్‌లకు కొత్తది కాదు. శబ్దం వస్తున్న వేగంలో ఇంజన్‌ను నిలిపి ఒక్కో సిలిండరునూ పని ఆపించాలి. ఏ సిలిండరు ఆపితే మొద్దు దెబ్బ తగ్గుతుందో దాని బిగ్ ఎండే. పిన్ను శబ్దమైతే తగ్గకపోగా ఒక్కోసారి పెరుగుతుంది. ఇంజెక్షన్ కార్లలో మాత్రం ప్లగ్గు వైరు లాగకండి. కాయిలు, ఇగ్నైటరు దెబ్బతింటాయి, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. ఇంజెక్టరు కనెక్టరు ఊడదీస్తే చాలు, అదే పని జరుగుతుంది.

దాంతోపాటు ఆయిలు ప్రెజరు కొలవాలి. డాష్‌బోర్డు మీద ఎర్ర బల్బు వెలగడం లేదు కాబట్టి ప్రెజరు బాగుందనుకోవడం తప్పు. ఆ స్విచ్చి చాలా కార్లలో 0.3 నుంచి 0.5 బార్ దగ్గర గానీ బల్బు వెలిగించదు. స్విచ్చి విప్పి అక్కడే గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక చూడండి. మాన్యువల్ దొరక్కపోతే వెయ్యి తిరుగుళ్లకు సుమారు 10 పీఎస్ఐ అన్నది పాత లెక్క, ఇప్పటికీ పనికొస్తుంది. ఆయిలు ఫిల్టరు కోసి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. రాగి రంగు, వెండి రంగు రేకులు మెరుస్తుంటే బేరింగు కరుగుతున్నట్టే. ప్రెజరు సరిగా ఉండి, ఫిల్టరు శుభ్రంగా ఉండి, సిలిండరు ఆపినా మార్పు లేకపోతే కింద భాగం ముట్టుకోవాల్సిన పని లేదు.

ఇంకొక సులువైన పరీక్ష ఉంది. డిస్ట్రిబ్యూటరు ఉన్న కారైతే టైమింగ్‌ను, అంటే ప్లగ్గు మంట పెట్టే సమయాన్ని, 3-4 డిగ్రీలు వెనక్కి తిప్పి అదే రోడ్డు మీద అదే గేరులో నడపండి. శబ్దం పోతే అది స్పార్క్ నాకే, మార్పు లేకపోతే యంత్ర భాగాల శబ్దం. టైమింగ్ కదపడానికి వీల్లేని కారులో ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, 95 కంటే ఎక్కువ ఆక్టేన్ (నాక్‌ను పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) ఉన్న పెట్రోలు పది లీటర్లు పోసి చూస్తే ఇదే సంగతి తేలుతుంది. ఇవి రెండూ జబ్బు కనుక్కోవడానికే. టైమింగ్ వెనక్కి పెట్టి అలాగే వదిలేస్తే లాగుడు తగ్గుతుంది, ఎగ్జాస్టు వేడెక్కుతుంది, వాల్వులు కాలతాయి. నాక్ ఆగింది కదా అని చాలా షెడ్లలో పని అక్కడితో ముగిస్తున్నారు. అది వైద్యం కాదండి.

స్పార్క్ నాక్ అంటే లోపల జరిగేది ఇది. ప్లగ్గు మండించిన మంట, పిస్టన్‌కు పైన ఉండే గదిలో ఒక చివర నుంచి రెండో చివరకు పాకుతూ పోవాలి. ఇంకా మంట అందని మూలన ఉన్న పెట్రోలు-గాలి మిశ్రమం ఆ ఒత్తిడికి, వేడికి తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ దెబ్బ తరంగం గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. 80 మి.మీ. బోరు (సిలిండరు అడ్డుకొలత) ఉన్న ఇంజన్‌లో అది సెకనుకు సుమారు 7,000 సార్లు. మనకు వినిపించే గలగల అదే. అది పిస్టన్ అంచుల్ని చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది, రింగుల మధ్య గట్లు విరగ్గొడుతుంది, చివరకు హెడ్ గాస్కెట్‌ను చీలుస్తుంది. కాబట్టి మూలన ఉన్న మిశ్రమం ఎందుకు అంత వేడెక్కుతోంది, ఎందుకు అంత ఒత్తిడి పడుతోంది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే వెతకాలి.

వెతికే ముందు నాలుగు రోజులు కాగితం మీద రాసుకోండి: గేరు, వేగం, ఎంత తొక్కారు, ఇంజన్ వేడి, ఏసీ ఉందా లేదా, బయట గాలి. మన డెల్టా చదునైన నేల, ఇంజన్ మీద బరువు పడే ఎత్తులు బ్రిడ్జి అప్రోచ్‌లే. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ బ్రిడ్జి, జొన్నాడ దగ్గర గౌతమి బ్రిడ్జి, 216 హైవే మీద చించినాడ, యానాం-ఎదుర్లంక బ్రిడ్జి, ఏదో ఒకటి ఎంచుకుని ప్రతిసారీ అక్కడే, ట్రాఫిక్ లేని వేళ, ఒకే గేరులో 1500-2000 తిరుగుళ్ల నుంచి నిండుగా తొక్కి చూడండి. మనకు మాత్రమే కనిపించే ఒక గుర్తు ఉంది. రోహిణి కార్తెలో పడమటి వడగాలి తోలేటప్పుడు గట్టిగా కొట్టే ఇంజన్, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక మెత్తబడుతుంది. గాలి చల్లబడటం ఒక కారణమైతే, గాలిలోని నీటి ఆవిరి మంటను నెమ్మదింపజేసి నాక్‌ను అణచడం రెండో కారణం. ఇలా పూటపూటకీ మారే శబ్దం బేరింగుది కాదు. అంత మార్పు ఉందంటే ఇంజన్ నాక్‌కు సరిగ్గా అంచున నడుస్తోందని, చిన్న సర్దుబాటుతో లోపలికి లాగొచ్చని అర్థం.

ఇక పెట్రోలు. అన్ని నేరాలూ బంకు మీదకే తోసేయడం సరికాదు. ఇప్పుడు వస్తున్న, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకు భారతీయ ప్రమాణం ప్రకారం ఆక్టేన్ కనీసం 95 ఉండాలి. పాత మామూలు పెట్రోలు 91తో పోలిస్తే ఇది నాక్‌ను ఎక్కువే తట్టుకుంటుంది. పాత కార్లకు చిక్కు వేరేచోట వస్తోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. వట్టి పెట్రోలు ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు సరిపోతుంది. వట్టి పెట్రోలుకు జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) పెట్టిన కార్బురేటరులో ఈ20 పోస్తే మిశ్రమం సుమారు 7-8 శాతం పలచబడుతుంది. పలచబడితే వేడి, వేడితో నాక్. ఇంజెక్షన్ కారు మెల్లగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సరు చూసి సర్దుకుంటుంది గానీ, నిండుగా తొక్కినప్పుడు పాత కంప్యూటర్లు సెన్సరు మాట వినకుండా తమలో రాసి ఉన్న లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తాయి. నాక్ వచ్చేదీ సరిగ్గా అప్పుడే.

కార్బురేటరుకు మందు తేలిక. చాలా కార్బురేటర్లలో జెట్టు మీది అంకె రంధ్రం అడ్డుకొలత, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన. 110 అంటే 1.10 మి.మీ. విస్తీర్ణం 8 శాతం పెరగాలంటే అడ్డుకొలత 4 శాతం పెరిగితే చాలు, కాబట్టి 110 తీసి 115 వేయండి. ఉన్న జెట్టును సూదితో, తీగతో పెద్దది చేయకండి, గుండ్రం చెడితే లెక్క మొత్తం పోతుంది. ఇంజెక్షన్ కారులో పెట్రోలు రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) ప్రెజరు గేజితో చూడండి. మాన్యువల్ అంకె, సాధారణంగా 2.5-3 బార్, ఐడిల్‌లోనే కాక నిండుగా తొక్కినప్పుడూ నిలవాలి. అప్పుడు పడిపోతుంటే ఫిల్టరు గానీ పంపు గానీ అలసిపోయాయి. స్కానరు తగిలే కారైతే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటరు అదనంగా పోస్తున్న పెట్రోలు శాతం, చూడండి. అది 10 శాతం పైకి పోయిందంటే ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది లేదా పెట్రోలు చాలడం లేదు.

ఇథనాల్ శాతం ఇంట్లోనే చూసుకోవచ్చు. 100 మి.లీ. కొలత గాజు గొట్టంలో 90 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీళ్లు పోసి, మూత పెట్టి ఊపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర 28 మి.లీ. దగ్గర నిలిస్తే 20 శాతం ఉన్నట్టు. పొయ్యికి, బీడీకి దూరంగా, ఆరుబయట చేయండి. నెలల తరబడి షెడ్డులో ఉన్న కారైతే ట్యాంకు అడుగు నుంచి ఒక సీసా తీసి ముందు అలాగే చూడండి. మూత సీలు ఎండిపోయిన ట్యాంకులోకి వాన నీరు దిగినా, వరద నీళ్లలో కారు నిలిచినా, ఆ నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు చేరతాయి. పైన మిగిలిన పెట్రోలుకు ఇథనాల్ ఇచ్చిన ఆక్టేన్ పోతుంది. రెండు పొరలు కనిపిస్తే మొత్తం పారబోయించాల్సిందే, కొత్తది కలిపితే బాగవదు. కలరా ఉండలు వేస్తే ఆక్టేన్ పెరుగుతుందని ఇంకా కొందరు వేస్తున్నారు. అవి చల్లారాక గడ్డకట్టి జెట్లు మూస్తాయి, మిశ్రమం ఇంకా పలచబడుతుంది. అసలు పెట్రోలు మీదే అనుమానముంటే బంకులో ఫిల్టరు పేపరు, డెన్సిటీ పరీక్ష అడగడం మన హక్కు. కిరసనాయిలు కలిస్తే పేపరు మీద మరక మిగులుతుంది. ఇంకో మాట కూడా. ప్రతి గన్ను పక్కన ఇథనాల్ శాతం, ఆక్టేన్ అంకె పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇప్పుడు మన డెల్టాకే ప్రత్యేకమైన సంగతికి వస్తాం. మేం చూసినంతలో ఎవరూ పట్టించుకోని కారణం కూడా ఇదే: రేడియేటరులో పోసే నీళ్లు. అంతర్వేది, ఉప్పాడ, అల్లవరం వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎంతో ఇంట్లో కుళాయిలు, గిన్నెలు చూస్తేనే తెలుస్తుంది. లోపలి మండలాల్లో కూడా చాలా బోర్లు చవుడే. ఆ నీళ్లు రేడియేటరులో పోస్తే ఏళ్లమీద సిలిండరు చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు. ఒక మిల్లీమీటరు పెచ్చు దాదాపు అంగుళం మందం పోత ఇనుము గోడతో సమానం. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియం హెడ్డును తింటుంది. అన్నిటికంటే మోసం ఏమిటంటే, చాలా కార్లలో వేడి ముల్లు కొంత మేర వేడి పెరిగినా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటుంది. ముల్లు మధ్యలోనే ఉంటుంది, ఎగ్జాస్టు వాల్వు పక్కన నీళ్లు మరుగుతుంటాయి, ఆ గోడ బాగా వేడెక్కి మిశ్రమాన్ని కాగబెడుతుంటుంది.

దీనికి గుర్తు ఉంది. పెచ్చు, బురద పంపుకు దూరంగా ఉన్న సిలిండరు దగ్గర ఎక్కువ పేరుకుంటాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి వరుసగా పెట్టండి. పంపుకు దూరంగా ఉన్నదాని పింగాణీ మాత్రం తెల్లబడి, మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే అతిచిన్న అల్యూమినియం గుండ్లో ఉంటే, నాక్ ఆ ఒక్క గదిలోనే. పెట్రోలు తప్పైతే నాలుగూ ఒకేలా ఉండాలి కదా. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో వేడి రేడియేటరు మీద పైనుంచి కిందకు, ఈ పక్క నుంచి ఆ పక్కకు చూడండి. వేడి నెమ్మదిగా తగ్గుతూ రావాలి. మధ్యలో చల్లటి మచ్చలు తగిలితే అక్కడి గొట్టాలు మూసుకున్నాయి.

శుభ్రం చేయడానికి నిమ్మ ఉప్పు చాలు. చల్లని ఇంజన్‌లో నీళ్లు తీసేయండి. రేడియేటరు కింద కుళాయి ఒక్కటే తిప్పితే సగం నీళ్లు బ్లాకులోనే ఉండిపోతాయి, బ్లాకు పక్కన ఉన్న డ్రెయిన్ బోల్టు కూడా విప్పాలి. ఆరు లీటర్ల వ్యవస్థకు 300 గ్రాముల నిమ్మ ఉప్పు వేడి నీళ్లలో కరిగించి పోయండి. హీటరు వాల్వు తెరిచి, థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటరు దారి తెరిచే వాల్వు) తెరుచుకునే వరకు వేడెక్కించి, 20-30 నిమిషాలు నడిపి, చల్లారాక పారబోయండి. అల్యూమినియం హెడ్డు ఉంటే రాత్రంతా ఉంచకండి. తర్వాత మంచినీళ్లతో కడిగి, లీటరుకు ఒక చెంచా వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మళ్లీ శుభ్రమైన నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. చివరగా కూలెంటు ఒక వంతు, బ్యాటరీ వాటరు రెండు వంతులు పోయండి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి సగానికి సగం అవసరం లేదు గానీ, మూడో వంతుకు తగ్గితే తుప్పును ఆపే మందు చాలదు. కాలువ కట్టేసిన రోజుల్లో చెరువు నీళ్లే దిక్కు అంటారేమో, సంవత్సరానికి నాలుగు లీటర్ల బ్యాటరీ వాటరు కొనడం భారం కాదు.

థర్మోస్టాట్ సంగతి గట్టిగా చెప్పాలి. "ఎండాకాలం కదా" అని దాన్ని పీకేయడం ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు పళ్లాలుంటాయి. ఒకటి రేడియేటరు దారి తెరుస్తుంటే రెండోది అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత నీరు రేడియేటరుకు పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తుంది, బరువు మీద ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి మాన్యువల్ చెప్పిన డిగ్రీలదే బిగించండి. కొత్తదాన్ని బిగించే ముందు గిన్నెలో నీళ్లు మరిగిస్తూ ఏ వేడి దగ్గర తెరుచుకుంటుందో చూడండి. రేడియేటరు మూత కూడా అంతే ముఖ్యం. 0.9 బార్ మూత సరిగా పట్టితే వట్టి నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పగిలిన మూతతో 100 దగ్గరే మరుగుతాయి.

మాసూళ్ల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, తూర్పార పడతారు. ఆ పొట్టు, తాలు అంతా ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందులో చేరుతుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. పై క్లాంపులు విప్పి రేడియేటరును వెనక్కి వంచితే దోసెడు చెత్త రాలుతుంది. ఇంజన్ వైపు నుంచి బయటకు, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి, ప్రెజరు గన్ను దగ్గరగా పెడితే రెక్కలు మడతపడతాయి. టర్బో ఉన్న ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి కార్లకు ఇంటర్‌కూలరు (టర్బో తోసే గాలిని చల్లబరిచేది) ముందు చక్రం దగ్గర బంపరు వెనక ఉంటుంది. అక్కడి చెత్త, రొయ్యల చెరువుల రోడ్ల బురద కూడా చూడాలి. లోపల పేరుకున్న ఆయిలు కూడా కడిగించాలి, ఎందుకంటే ఇంజన్ పీల్చే గాలిలో ఆయిలు ఆవిరి కలిస్తే పెట్రోలు ఆక్టేన్ పడిపోయినట్టే. ఇదే కారణంతో ఇంజన్ కింది భాగంలోని ఆవిరిని లోపలికి పంపే పీసీవీ వాల్వు, వాల్వు సీళ్లు కూడా చూడాలి.

ఇగ్నిషన్ విషయం త్వరగా చెబుతాం. టైమింగ్ లైటుతో, బానెట్ స్టిక్కరు మీద ఉన్న డిగ్రీలకే పెట్టండి. డిస్ట్రిబ్యూటరుకు వ్యాక్యూమ్ గొట్టం ఉంటే స్టిక్కరు చెప్పినట్టు దాన్ని విప్పి మూసి పెట్టాలి. పాత పుల్లీల్లో లోపలి రబ్బరు జారి బయటి చక్రం తిరిగిపోతుంది, గుర్తు అబద్ధం చెబుతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి డయల్ గేజితో నిజమైన టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు) చూసుకున్నాకే ఆ గుర్తును నమ్మండి. మెకానికల్ అడ్వాన్సు స్ప్రింగు సాగిపోతే ఐడిల్‌లో సరిగ్గా ఉన్న టైమింగ్ 2000 దగ్గరకే చాలా ముందుకు పోతుంది, కాబట్టి రేజ్ చేసి కూడా చూడాలి. ప్లగ్గుల అంకెల్లో తికమక ఉంది. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లని ప్లగ్గు, బాష్‌లో అంకె తగ్గితే చల్లని ప్లగ్గు. ఎన్‌జీకేలో 6 బదులు 5 దొరికిందని వేసేస్తే వేడి ప్లగ్గు వేసినట్టు. వదులుగా బిగించిన ప్లగ్గు కూడా వేడిని హెడ్డులోకి వదల్లేదు.

నాక్ సెన్సరు ఉన్న కారులో అది బ్లాకును నేరుగా తాకాలి. కింద వాషరు వేయకండి, తుప్పు గీకి, మధ్య బోల్టు ఉండే రకమైతే 20 న్యూటన్ మీటర్లకు టార్కు పానతో బిగించండి. ఎక్కువ బిగించినా, తక్కువ బిగించినా అది తప్పుగా వింటుంది. ఉప్పు గాలికి కనెక్టరు పిన్నులు పచ్చబడటం మనవైపు మామూలే. స్కానరులో పీ0325 (నాక్ సెన్సరు సర్క్యూట్ తప్పు కోడు) వస్తే సెన్సరు కొనేముందు ఆ పిన్నులు, వైరు తొడుగు చూడండి.

ఊళ్లోనే తిరిగే కార్లలో మసి పేరుకుంటుంది. అన్ని ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, వేడి ఇంజన్ మీద ఒక్కో సిలిండరు కంప్రెషన్ ఒత్తిడి గేజితో చూడండి. ఒకదానికొకటి 10 శాతం లోపు తేడా ఉండాలి. మాన్యువల్ అంకె కంటే ఎక్కువ వస్తే సంతోషించకండి, గదిలో మసి గానీ, కోసేసిన హెడ్డు గానీ ఉన్నట్టు. ఫోనుకు తగిలించే సన్న కెమెరా ప్లగ్గు రంధ్రంలోకి దింపితే మసో కాదో హెడ్డు దించకుండానే తెలిసిపోతుంది. మసి లేకుండానే కంప్రెషన్ ఎక్కువ వస్తోందంటే అసలు సమస్య లేత్ షాపులో మొదలైంది.

ఇది జరిగే తీరు ఇలా ఉంటుంది. ఉప్పు నీళ్లతో ఇంజన్ వేడెక్కి హెడ్డు వంగుతుంది. లేత్ షాపులో ఫేస్ కొట్టిస్తారు, అంటే అడుగు చదును చేయిస్తారు. ఎంత వంగిందో కొలవకుండా, చూపుకు నున్నగా కనిపించేదాకా కోస్తారు. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ తీసుకోండి. ఒక్కో సిలిండరు 400 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 10 అయితే పైన మిగిలే గది సుమారు 44.4 సీసీ. 80 మి.మీ. బోరుకు అర మిల్లీమీటరు కోస్తే 2.5 సీసీ పోతుంది. కంప్రెషన్ నిష్పత్తి 10.5 అవుతుంది. అంచున నడిచే ఇంజన్‌ను అంచు దాటించడానికి అది చాలు. వాల్వులను తెరిచే క్యాము కడ్డీ హెడ్డు పైనే ఉన్న ఇంజన్లో హెడ్డు కిందకు దిగితే బెల్టు లెక్క మారి, క్యాము క్రాంకు లెక్కన సుమారు ఒక డిగ్రీ వెనకబడుతుంది. లాగుడు తగ్గిందని మెకానిక్ స్పార్కును ముందుకు తిప్పుతాడు. నాక్ రెట్టింపవుతుంది. ఇదే హెడ్డు రెండోసారి, మూడోసారి లేత్‌కు వెళ్తే ఇక ఏ పెట్రోలూ దాన్ని కాపాడదు.

కోసే ముందు సూటి పట్టీ, ఫీలర్ గేజితో నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఆరు చోట్ల చూడండి. చిన్న అల్యూమినియం హెడ్డు 0.05 మి.మీ. లోపు వంపు ఉంటే సాధారణంగా కోయక్కర్లేదు. హెడ్డు ఎత్తు వెర్నియరుతో కొలిచి మాన్యువల్ ఎత్తుతో పోల్చండి. మొత్తం కోత చాలా హెడ్లకు 0.2 మి.మీ. దాటకూడదు. ఇప్పటికే దాటి ఉంటే మందం గాస్కెట్ దొరుకుతుందేమో చూడాలి, లేదంటే వేరే హెడ్డు వెతకాలి. గది కొలవడం కష్టమేమీ కాదు. ప్లగ్గు, వాల్వులు బిగించి, గది అంచుకు గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలక అంటించి, సిరంజితో కిరసనాయిలు నింపుతూ ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. నాలుగు గదులూ ఒక మి.లీ. తేడాలోపు ఉండాలి. కోత తర్వాత గది అంచున మిగిలే పదునైన గట్టును సన్నటి ఎమెరీ కాగితంతో మొద్దుబార్చాలి, ఆ పదును ఎర్రగా కాలి ప్లగ్గు కంటే ముందే మంట పెడుతుంది.

అందుకే మన జిల్లాల్లోని లేత్ షాపుల వాళ్లకు ఒక విన్నపం. హెడ్డు తిరిగి ఇచ్చేటప్పుడు బిల్లు మీద నాలుగు అంకెలు రాయండి: కోతకు ముందు వంపు, కోసిన మందం, కోత తర్వాత హెడ్డు ఎత్తు, తేదీ. హెడ్డు పక్కన కనిపించేచోట ఆ మందం పంచ్ చేయండి. కార్ల యజమానులు ఆ బిల్లును ఆర్సీతో పాటు దాచండి. కారు అమ్మేటప్పుడు కొన్నవాళ్లకు అది కూడా ఇవ్వండి.

ఇట్లు,
పాత పెట్రోలు కార్ల ఇంజన్ పని చేసేవాళ్లం,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా